టెక్సస్ మోటార్ స్పీడ్‌వే

టెక్సస్ మోటార్ స్పీడ్‌వే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఫోర్ట్ వర్త్ నగరం ఉత్తరపు అంచున, డెంటన్ కౌంటీలో ఉన్న ఓవల్ రేసు ట్రాక్. చుట్టుకొలత 1.5 మైళ్లు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. 1997 ఏప్రిల్‌లో ఇక్కడ తొలి రేసులు జరిగాయి. ఫోర్ట్ వర్త్ నుంచి ఉత్తరానికి వెళ్లే 35-డబ్ల్యూ రహదారి, డాలస్ వైపు నుంచి ఇర్వింగ్, గ్రేప్‌వైన్ మీదుగా వచ్చే 114వ నంబరు రహదారి కలిసే చోట, ఒకప్పటి పశువుల మేత భూముల మధ్య దీన్ని కట్టారు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో కొందరికి రేసుల కన్నా డిసెంబరులో ఇక్కడ పెట్టే క్రిస్మస్ దీపాల అలంకరణే ఎక్కువ తెలిసి ఉంటుంది. కారు దిగకుండానే చూసి రావచ్చు మరి.

అమెరికాలో ఓవల్ రేసింగ్ రెండు పాయలుగా సాగుతుంది. ఒకటి స్టాక్ కార్లది. పైకి మామూలు కారులాగే కనిపించే, చక్రాల మీద కప్పు ఉన్న, 1,500 కిలోల పైచిలుకు బరువు తూగే బండ్లు ఇవి. వీటి పెద్ద పోటీల్ని నడిపే సంస్థ నాస్కార్. రెండోది ఇండీ కార్లది. వీటికి చక్రాలు బయటికే కనిపిస్తాయి, బరువు స్టాక్ కారులో సగానికి అటూ ఇటూ, వేగం మాత్రం చాలా ఎక్కువ. టెక్సస్ ట్రాక్‌ను రెండింటికీ పనికొచ్చేలా కట్టాలనుకున్నారు. ఆ తర్వాతి పాతికేళ్ల చరిత్రలో సగం, ఆ ఒక్క నిర్ణయం తెచ్చిన తిప్పలే. ఒక జాతి కార్లకు మేలు చేద్దామని దారిని సవరించినప్పుడల్లా రెండో జాతికి కొత్త చిక్కు వచ్చిపడింది.

ఆకారం, వాలు

ఓవల్ ట్రాక్ మీద కార్లు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతాయి. రెండు నేరు దారులు, వాటి చివరల్ని కలిపే నాలుగు మలుపులు. టెక్సస్‌లో ప్రేక్షకుల ఎదుట ఉన్న నేరు దారి నిజానికి నేరుగా ఉండదు. రెండు చోట్ల కొద్దిగా విరిగి గ్యాలరీల వైపు ఉబ్బి ఉంటుంది. గ్యాలరీ ఏ మూల కూర్చున్నవాళ్లకైనా ట్రాక్ ఎక్కువ భాగం కంటికి ఆనాలన్నది దీని ఉద్దేశం. నార్త్ కరొలైనాలోని షార్లట్ ట్రాక్‌దీ ఇదే నమూనా. 1997లోనే అట్లాంటా ట్రాక్‌నూ ఈ ఆకారానికి మార్చారు. మూడూ ఒకే యజమానివి.

మలుపుల్లో దారిని లోపలికి వాల్చి కడతారు. చదునైన మలుపులో కారును పక్కకు జారిపోకుండా ఆపేది టైర్ల పట్టు ఒక్కటే. దారి వాలుగా ఉంటే దారే కారును లోపలికి నెడుతుంది, కాబట్టి వేగం తగ్గించాల్సిన అవసరం తగ్గుతుంది. వాలు మరీ ఎక్కువైతే ఎవరూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయరు. అప్పుడు డ్రైవర్ నేర్పు వెనక్కి పోతుంది, కార్లన్నీ ఒకే గుంపుగా తిరుగుతాయి. ఓవల్ ట్రాక్ కట్టేవాళ్ల విద్య అంతా ఈ కొలత కుదర్చడంలో ఉంది.

టెక్సస్ మొదటి నమూనాలో ప్రతి మలుపుకూ రెండు వాలులు ఉండేవి. పై భాగం 24 డిగ్రీలు, స్టాక్ కార్ల కోసం. లోపలి అంచున ఉన్న పట్టీ 8 డిగ్రీలు, ఇండీ కార్ల కోసం. కాగితం మీద చూస్తే తెలివైన ఆలోచనే. ట్రాక్ మీదికి వచ్చాక రెంటి మధ్య అతుకు బాధపెట్టింది. నేరు దారుల వాలు 5 డిగ్రీలే కావడంతో, మలుపు దాటి బయటికి వచ్చేచోట దారి ఉన్నట్టుండి చదునైపోయి, కార్లు గోడ వైపు జారేవి. ఈ ట్రాక్ పొడవు విషయంలోనూ రెండు జాతులకు పొత్తు కుదరలేదు. నాస్కార్ లెక్కలో 1.5 మైళ్లు. ఇండీ కార్ల వాళ్లు తమ లెక్కతో కొలుచుకుని మొదట 1.455 అని, తర్వాత 1.44 మైళ్లని రాసుకున్నారు. అందువల్ల ఇక్కడి సగటు వేగాల రికార్డుల్ని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

పుట్టుక

ఈ ట్రాక్‌ను కట్టించినవాడు బ్రూటన్ స్మిత్ (1927–2022). నార్త్ కరొలైనాలోని ఓక్‌బరో ఊరివాడు. డ్రైవర్ కర్టిస్ టర్నర్‌తో కలిసి 1960లో షార్లట్ ట్రాక్ తెరిచి, అప్పుల్లో కూరుకుపోయి దాన్ని పోగొట్టుకుని, కార్ల అమ్మకాల వ్యాపారంలో సంపాదించి 1975 నాటికి మళ్లీ చేజిక్కించుకున్నాడు. 1995లో అతని కంపెనీ స్పీడ్‌వే మోటార్‌స్పోర్ట్స్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. మోటార్ రేసుల కంపెనీల్లో అక్కడికి చేరిన మొదటిది ఇదే. అదే ఏడాది టెక్సస్‌లో తవ్వకం పనులు మొదలయ్యాయి.

1990లలో స్టాక్ కార్ల రేసింగ్ దక్షిణ రాష్ట్రాల ఆటగా ఉన్న దశ దాటి దేశమంతటి టీవీ వినోదంగా మారుతోంది. పెద్ద నగరాల పక్కన 1.5 మైళ్ల ఓవల్‌లు వరసగా లేచాయి. 1995లో మయామి దగ్గర హోమ్‌స్టెడ్, 1996లో లాస్ వేగస్, 2000లో కెంటకీ, 2001లో కాన్సస్, షికాగో సమీపంలోని జోలియెట్. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని తర్వాత అభిమానులు విసుక్కున్నారు. విసుగులో న్యాయం ఉంది. పెట్టుబడి పెట్టినవాళ్లు ట్రాక్ స్వభావం కన్నా సీట్ల సంఖ్యనే ముందు లెక్కవేశారు. టెక్సస్‌లో ఆ సంఖ్య 1,50,000 దాటింది.

సీట్లు కట్టగలిగినా రేసు తేదీ కట్టలేం. నాస్కార్ అగ్రశ్రేణి అయిన కప్పు పోటీల కేలండర్ నిండిపోయి ఉంది. కొత్త ట్రాక్‌కు తేదీ కావాలంటే ఎవరిదో ఒకరిది లాక్కోవాలి. స్మిత్ చూపు నార్త్ విల్క్స్‌బరో మీద పడింది. నార్త్ కరొలైనా కొండల్లోని ఆ చిన్న ఊరి ట్రాక్ చుట్టుకొలత 0.625 మైళ్లు. 1949లో, అంటే నాస్కార్ అగ్రశ్రేణి పోటీలు మొదలైన తొలి ఏడాదే కేలండర్‌లో ఉన్న ట్రాక్ అది. విల్క్స్ కౌంటీకి స్టాక్ కార్ల చరిత్రలో పుట్టింటి హోదా ఉంది. పోలీసులకు దొరక్కుండా నాటుసారా తరలించే కుర్రాళ్లు తమ కార్ల ఇంజిన్లకు పదును పెట్టుకున్న తావుల్లో అదొకటి. ట్రాక్‌ను దశాబ్దాలుగా నడిపిన ఎనోక్ స్టేలీ 1995లో చనిపోయాక స్మిత్ సగం వాటా కొన్నాడు. మిగతా సగాన్ని న్యూ హాంప్‌షైర్ ట్రాక్ యజమాని బాబ్ బారీ కొన్నాడు. ఇద్దరికీ ఆ ట్రాక్‌తో పనిలేదు, దానికున్న రెండు తేదీలతోనే పని. 1996 సెప్టెంబరు 29న జెఫ్ గోర్డన్ గెలిచిన రేసుతో నార్త్ విల్క్స్‌బరో మూతపడింది. వసంతకాలపు తేదీ టెక్సస్‌కు, శరత్కాలపు తేదీ న్యూ హాంప్‌షైర్‌కు పోయాయి.

పేరు కూడా తగాదా లేకుండా దక్కలేదు. టెక్సస్ మోటార్ స్పీడ్‌వే అన్న పేరుతో ఆల్విన్ అనే ఊళ్లో అప్పటికే ఒక చిన్న మట్టి ట్రాక్ ఉంది. వాళ్లు దావా వేశారు. కొన్నాళ్లు టెక్సస్ ఇంటర్నేషనల్ రేస్‌వే అని పిలిచి, 1996 చివర్లో రాజీ కుదిరాక పాత పేరుకు తిరిగొచ్చారు.

తొలి రెండేళ్లు

1997 ఏప్రిల్ 6న జరిగిన తొలి కప్పు రేసుకు దాదాపు 2 లక్షల మంది వచ్చారు. ఆ వారమంతా వాన. అర్హత పోటీలు రద్దయ్యాయి. గడ్డి నేలమీద ఏర్పాటు చేసిన పార్కింగ్ బురదగుంటగా మారింది, రహదారుల మీద మైళ్ల కొద్దీ కార్లు నిలిచిపోయాయి. రేసు మొదలైన తొలి ల్యాప్‌లోనే మొదటి మలుపులో పదికి పైగా కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. చివరికి జెఫ్ బర్టన్ గెలిచాడు. కప్పు పోటీల్లో అతనికి అదే మొదటి గెలుపు.

మరుసటి ఏడాది మరో సమస్య తేలింది. తారు కింద నిలిచిన వాన నీరు, పైన ఎండ కాస్తున్నా కొత్తకుండ చెమర్చినట్టు మొదటి మలుపులో పైకి ఊరడం మొదలుపెట్టింది. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ఆ తడి మరక మీద చక్రం పడితే ఇక గోడే. డ్రైవర్లు గొడవపెట్టారు. ట్రాక్ మేనేజర్ ఎడీ గోసేజ్ దానికి జవాబుగా, నోరు మూసుకుని రేసు నడపండి అన్న అర్థం వచ్చే మాటలతో టీ షర్టులు అచ్చు వేయించి అమ్మాడు. జనం ఎగబడి కొన్నారు. కానీ గొడవపెట్టినవాళ్లదే సరైన మాటని ఆ ఏడాదే ఒప్పుకోవాల్సి వచ్చింది. 1998లో 8 డిగ్రీల లోపలి పట్టీని తీసేశారు, మలుపు నుంచి బయటికి వచ్చే చోట్లను సాఫీ చేసి మళ్లీ తారు పోశారు. ఇకపై ఇండీ కార్లు కూడా స్టాక్ కార్ల కోసం కట్టిన 24 డిగ్రీల వాలు మీదే తిరగాలి. ఈ మార్పు పర్యవసానం మూడేళ్ల తర్వాత తెలిసింది.

దానికి ముందు 1997 జూన్ 7 రాత్రి సంగతి చెప్పాలి. ఇండీ కార్ల లోకం అప్పటికి ఏడాది కిందటే రెండుగా చీలింది. ఇండియానాపొలిస్ ట్రాక్ అధిపతి టోనీ జార్జ్ పెట్టిన ఇండీ రేసింగ్ లీగ్ ఒకవైపు, కార్ట్ అనే పాత సంస్థ మరోవైపు. టెక్సస్‌కు మొదట వచ్చింది లీగ్. దీపాల వెలుగులో జరిగిన ఆ తొలి రేసులో ఎ.జె. ఫాయిట్ జట్టు డ్రైవర్ బిలీ బోట్ గెలిచాడని ప్రకటించారు. ఫాయిట్ హ్యూస్టన్ వాడు, ఇండియానాపొలిస్ 500ను నాలుగుసార్లు గెలిచిన మొండి ఘటం. సొంత రాష్ట్రంలో సంబరం సాగుతుండగా ఏరీ లాయెండైక్ అక్కడికే వచ్చి, ల్యాప్‌ల లెక్క తప్పింది, గెలిచింది నేనని కేకలేశాడు. 62 ఏళ్ల ఫాయిట్ వెనకనుంచి వచ్చి అతన్ని తలమీద కొట్టి పూలమొక్కల్లోకి తోసేశాడు. మర్నాడు లెక్కలు మళ్లీ చూస్తే లాయెండైక్ చెప్పిందే నిజమైంది. ఎలక్ట్రానిక్ లెక్కింపు అతని ల్యాప్‌లను వదిలేసింది. ఫాయిట్ ట్రోఫీ తిరిగి ఇవ్వనన్నాడు, లాయెండైక్‌కు ఇంకొకటి చేయించాల్సి వచ్చింది. నవ్వు తెప్పించే ఈ ఉదంతానికి గట్టి ఫలితమే ఉంది. రేసుల నిర్వహణను దశాబ్దాలుగా చూస్తున్న యునైటెడ్ స్టేట్స్ ఆటో క్లబ్‌ను లీగ్ పక్కన పెట్టి, ఆ పని తానే చేపట్టింది.

2001: జరగని రేసు

ఈ ట్రాక్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన రేసు అసలు జరగలేదు. 2001 ఏప్రిల్ 29న కార్ట్ సంస్థ మొదటిసారి టెక్సస్‌లో 600 కిలోమీటర్ల రేసు పెట్టుకుంది. కార్ట్ కార్ల టర్బో ఇంజిన్లు లీగ్ కార్ల కన్నా బాగా శక్తిమంతమైనవి. లీగ్ కార్లు ఇక్కడ గంటకు సుమారు 345 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, కార్ట్ అర్హత పోటీలో కెనీ బ్రాక్ 233.447 మైళ్లు, అంటే 375 కిలోమీటర్లు దాటాడు. సాధనలో పాల్ ట్రేసీ అంతకన్నా వేగంగా, 380 కిలోమీటర్ల పైన ఒక ల్యాప్ తిరిగాడు. ల్యాప్ మొత్తానికి 23 సెకన్లు కూడా పట్టడం లేదు. అందులో దాదాపు 18 సెకన్ల పాటు డ్రైవర్ శరీరం మీద 5 జి పైన బలం పడుతోంది. ఒక జి అంటే మన బరువుకు సమానమైన బలం. 5 జి అంటే 70 కిలోల మనిషి 350 కిలోలు తూగుతున్నట్టు.

వాలు తక్కువగా ఉన్న మలుపులో ఆ బలం పక్కనుంచి తగులుతుంది, మెడ కండరాలు అలిసిపోతాయి. 24 డిగ్రీల వాలు మీద కారు ఒరిగి తిరగడంతో అందులో కొంత భాగం తల నుంచి వెన్నెముక మీదుగా కిందికి నొక్కింది. రక్తం కాళ్లలోకి దిగుతుంది, చెవి లోపల శరీర సమతౌల్యాన్ని చూసే భాగం గందరగోళపడుతుంది. ప్రతి పది పన్నెండు సెకన్లకోసారి ఆ బలం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చేసరికి శరీరం సర్దుకునే వ్యవధి దొరకదు. శుక్రవారం సాధనలో మౌరీసియో గూజెల్మిన్ గోడకు గుద్దుకున్నప్పుడు కారులోని పరికరం 66.2 జి నమోదు చేసింది. వెంటనే రెండో తాకిడిలో అది 113.1కు చేరింది. అతను పెద్ద గాయాలు లేకుండానే బయటపడ్డాడు. తర్వాత ఒకరిద్దరు డ్రైవర్లు డాక్టర్ల దగ్గరికి వచ్చి తల తిరుగుతోందన్నారు. కార్ట్ వైద్యులు స్టీవ్ ఆల్వీ, టెరీ ట్రామెల్ శనివారం డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి అడిగారు. పదికి మించి ల్యాప్‌లు ఏకధాటిగా తిరిగిన 25 మందిలో 21 మందికి తల తిరగడమో, కారు దిగాక కొన్ని నిమిషాలు నేరుగా నడవలేకపోవడమో, దృష్టి చెదరడమో జరిగింది. అప్పటిదాకా ఎవరికివారు తమ ఒక్కరికే అలా ఉందనుకుని దాచుకున్నారు. ఒంట్లో నలతగా ఉందని చెబితే సీటు పోతుందేమోనన్న భయం ఆ వృత్తిలో ఉన్నదే.

ఆల్వీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన వైద్యుడు రిచర్డ్ జెనింగ్స్‌ను సంప్రదించాడు. ఇంతటి బలాన్ని ఇంతసేపు మనిషి తట్టుకోలేడన్నది జవాబు. యుద్ధవిమాన చోదకులు ఇంతకన్నా ఎక్కువ జి భరిస్తారు గానీ కొద్ది సెకన్లే, అదీ రక్తం కిందికి దిగకుండా బిగించే దుస్తులు వేసుకుని. ఇక్కడ రెండు గంటలు. ఆదివారం ఉదయం, ప్రేక్షకులు సీట్లలోకి చేరుతుండగా, రేసు మొదలు కావడానికి దాదాపు రెండు గంటల ముందు, కార్ట్ దాన్ని వాయిదా వేసింది. ఆ తర్వాత ఎన్నడూ జరపలేదు. టికెట్ల డబ్బు తిరిగి ఇచ్చిన ట్రాక్ యాజమాన్యం, ముందే సరైన పరీక్షలు చేయలేదని కార్ట్ మీద దావా వేసింది. ఆ శరత్కాలంలో బయట చెప్పని మొత్తానికి రాజీ కుదిరింది.

కార్ట్ నష్టపోయింది, పరువూ పోయింది. 2003 చివరికి దివాళా తీసింది. టెక్సస్ దానికి ఒక్కటే కారణం కాదు. అయినా ఆ ఆదివారం తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టడానికి లేదు. రేసు జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి 25 మందిలో 21 మంది అన్న అంకె చాలు. యంత్రం తట్టుకోలేని హద్దు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఇంజినీర్లకు తెలుసు. మనిషి తట్టుకోలేని హద్దు ముందు వచ్చిన రేసు ఇది.

గుంపు రేసులు

ఇండీ రేసింగ్ లీగ్ మాత్రం తక్కువ శక్తి కార్లతో ఇక్కడ నెట్టుకొచ్చింది. 24 డిగ్రీల వాలు, కారును కిందికి అదిమే పెద్ద రెక్కలు, పరిమితమైన ఇంజిన్. ఈ మూడూ కలిసి ఎవరూ యాక్సిలరేటర్ వదలనక్కరలేని స్థితి తెచ్చాయి. ఇరవై కార్లు చక్రం పక్కన చక్రంగా గంటకు 340 కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు తిరిగేవి. చూసేవాళ్లకు ఊపిరి ఆడేది కాదు. 2002 సెప్టెంబరులో శామ్ హోర్నిష్ 0.0096 సెకన్ల తేడాతో ఈలియో కాస్ట్రోనెవెస్‌ను దాటి రేసునూ, ఆ ఏటి చాంపియన్ పట్టాన్నీ గెలుచుకున్నాడు.

చక్రాలు బయటికి ఉన్న కార్లు ఒకదాని చక్రానికి మరొకటి తగిలితే గాల్లోకి లేస్తాయి. 2003 అక్టోబరు 12న అదే జరిగింది. టోమాస్ షెక్టర్ కారు చక్రం తగిలి కెనీ బ్రాక్ కారు ఎగిరి రక్షణ కంచెలోకి దూసుకుపోయింది. పరికరంలో 214 జి నమోదైంది. మనిషి బతికిన ప్రమాదాల్లో అంతటి అంకె అరుదు. తొడ ఎముక, ఛాతీ ఎముక, వెన్నుపూస, చీలమండలు విరిగాయి. అతను కోలుకుని 2005లో ఇండియానాపొలిస్‌లో ఒక్కసారి నడిపి విరమించాడు. 2001లో ఇదే ట్రాక్ మీద అర్హత పోటీలో అందరికన్నా ముందు నిలిచింది కూడా ఈ బ్రాకే. 2003 నాటి ఆ రేసు గెలిచిన గిల్ డి ఫెరాన్‌కు ఇండీ కార్లలో అదే చివరి పోటీ.

2011 అక్టోబరులో లాస్ వేగస్‌లో, ఇలాంటి 1.5 మైళ్ల వాలు ఓవల్ మీద, ఇలాంటి గుంపులోనే డ్రైవర్ డాన్ వెల్డన్ చనిపోయాడు. మరుసటి ఏడాది టెక్సస్‌కు వచ్చినప్పుడు ఇండీ కార్ల నిర్వాహకులు రెక్కల అదుముడును గట్టిగా కోసేశారు. కార్లు మలుపుల్లో జారాయి, డ్రైవర్లు యాక్సిలరేటర్ వదలాల్సి వచ్చింది, గుంపు చెదిరింది. జస్టిన్ విల్సన్ గెలిచిన ఆ 2012 రేసు ఈ ట్రాక్ మీద ఇండీ కార్లు చేసిన మంచి పోటీల్లో ఒకటి. సమస్య తారులోనే కాదు, రెక్కల కొలతలోనూ ఉందని పదేళ్ల ఆలస్యంగా తేలింది.

గోసేజ్, రెండో తేదీ

స్టాక్ కార్ల వైపు ఈ కాలం అంతా వెలుగే. 1999లో టెక్సస్ వాడే అయిన టెరీ లబాంటీ గెలిచాడు. 2000లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ తన తొలి కప్పు విజయం ఇక్కడే సాధించాడు. తర్వాతి కాలంలో జిమీ జాన్సన్ ఏడుసార్లు గెలిచాడు. 2008లో అర్హత పోటీలో మైకేల్ మెక్‌డొవెల్ కారు గోడను గుద్ది పల్టీలు కొట్టి తుక్కయినా, అతను లేచి నడుచుకుంటూ వెళ్లాడు. గోడకు తొడిగిన ఉక్కు, నురుగు పొరలకు, కొత్త తరం కారు చట్రానికి ఆ పుణ్యం దక్కుతుంది.

గోసేజ్ 1995 నుంచి 2021 దాకా ట్రాక్‌ను నడిపాడు. షార్లట్‌లో హంపీ వీలర్ దగ్గర ప్రచార విద్య నేర్చుకున్నవాడు. గెలిచినవాడికి కౌబాయ్ టోపీ పెట్టి, చేతికి రెండు తుపాకులిచ్చి ఉత్త తూటాలు పేల్పించడం ఇక్కడి ఆనవాయితీ. 2011లో ఇండీ కార్లకు ఒకే రాత్రి రెండు రేసులు పెట్టి, రెండో దానికి బరిలో స్థానాలను లాటరీ తీయించాడు. డ్రైవర్లు మండిపడ్డారు, పత్రికలు రాశాయి, అతనికి కావలసింది అదే. 2014లో వెనక నేరు దారి పక్కన 218 అడుగుల వెడల్పు, 94 అడుగుల పైచిలుకు ఎత్తు ఉన్న టీవీ తెర నిలబెట్టాడు. 2024 మేలో, 65 ఏళ్ల వయసులో మరణించాడు.

టెక్సస్‌కు రెండో కప్పు తేదీ ఇస్తామని నాస్కార్ మాట ఇచ్చి తప్పిందంటూ స్పీడ్‌వే మోటార్‌స్పోర్ట్స్ వాటాదారు ఒకరు 2002లో కోర్టుకెక్కారు. 2004లో రాజీ కుదిరింది. నాస్కార్ నడిపే కుటుంబానికే చెందిన కంపెనీ నుంచి నార్త్ కరొలైనాలోని రాకింగ్‌హామ్ ట్రాక్‌ను స్మిత్ కంపెనీ 10 కోట్ల డాలర్ల పైచిలుకుకు కొని, దాని తేదీని టెక్సస్‌కు తరలించింది. 2005 నవంబరులో ఆ తొలి శరత్కాలపు రేసును కార్ల్ ఎడ్వర్డ్స్ గెలిచాడు. ఆ విధంగా నార్త్ కరొలైనాలో మరో పాత ట్రాక్ ఖాళీ అయింది. టెక్సస్ కేలండర్‌లోని రెండు తేదీలూ అక్కడినుంచి తెచ్చుకున్నవే.

2017 సవరణ

ట్రాక్ వయసు పెరిగేకొద్దీ తారు గరుకెక్కి, టైర్లు త్వరగా అరిగి, రేసులు బాగుపడ్డాయి. పాత తారంటే డ్రైవర్లకు ప్రాణం. కానీ నీటి ఊట మాత్రం వదల్లేదు. 2016 జూన్‌లో ఇండీ కార్ల రేసు వానవల్ల 71 ల్యాప్‌ల దగ్గర ఆగి, ఆగస్టు 27న అక్కడినుంచే మళ్లీ మొదలైంది. గ్రాహమ్ రేహాల్ 0.0080 సెకన్ల తేడాతో గెలిచాడు. నాస్కార్ వారాంతాల్లోనూ ట్రాక్ ఆరబెట్టడానికి గంటలు పట్టేది.

2017 మొదట్లో మొత్తం కొత్త తారు పోసి, కింద నీరు పోయే కాలువలు వేశారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఒకటి, రెండు మలుపుల వాలును 24 నుంచి 20 డిగ్రీలకు తగ్గించి, వెడల్పును 60 నుంచి 80 అడుగులకు పెంచారు. మూడు, నాలుగు మలుపుల్ని ముట్టుకోలేదు. రెండు చివరలూ రెండు తీర్లుగా ఉంటే డ్రైవర్లకు పరీక్ష అవుతుందన్నది ఆలోచన. వాస్తవంలో కొత్త తారు పట్టు అంతా లోపలి వరసలోనే ఉండిపోయింది, పై వరసలోకి వెళ్లినవాడు గోడ దారి పట్టాడు. దాటే చోటే లేని ట్రాక్‌గా పేరు పడింది.

దానికి మందుగా, డ్రాగ్ రేసుల్లో వాడే పీజే1 అనే జిగురు రసాయనాన్ని పై వరసల్లో చల్లారు. బరువైన స్టాక్ కార్ల టైర్లు వేడెక్కి దాన్ని అంటుకునేవి, కొంత ఫలితం కనిపించింది. ఇండీ కార్లకు అదే శాపమైంది. తేలిక కార్ల టైర్ల కింద ఆ నల్లటి మరక జారుడు బండలా పనిచేసింది. తారు రంగు కూడా మారిపోవడంతో ఆ భాగం ఎండకు ఇంకా వేడెక్కేది. 2020 జూన్‌లో, కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేకుండా ఇక్కడే మొదలైన ఇండీ కార్ల సీజన్‌లో, చివరి ల్యాప్‌లలో రెండో స్థానంలో ఉన్న కారు ఆ మరక మీదికి వెళ్లి గోడకు గుద్దుకుంది. 2022లో రేసుకు ముందు కొందరు డ్రైవర్లను పై వరసలోనే ప్రత్యేకంగా తిప్పి, టైర్ల రబ్బరుతో ఆ జిగురును కప్పే ప్రయత్నం చేశారు. ఆ రేసు చివరి మలుపులో జోసెఫ్ న్యూగార్డెన్ స్కాట్ మెక్‌లాక్లిన్‌ను దాటి గెలిచాడు. 2023లోనూ అతనే గెలిచాడు. ఆ రెండు రేసులూ బాగున్నాయి, కానీ గ్యాలరీలు వెలవెలబోయాయి.

తేదీలు చేజారడం

2020 అక్టోబరులో కప్పు రేసు సన్నటి జల్లులకు ఆగి, నాలుగో రోజు బుధవారం పూర్తయింది. 2021 నుంచి టెక్సస్‌కు మామూలు కప్పు రేసు ఒక్కటే మిగిలింది. వసంతకాలపు తేదీ ఆస్టిన్‌లోని ఫార్ములా వన్ ట్రాక్‌కు పోయింది. బదులుగా పాయింట్లు లేని ఆల్-స్టార్ రేసు వచ్చి, 2021, 2022 రెండేళ్లు జరిగింది. 2022 సెప్టెంబరు రేసులో టైర్లు పేలి ముందున్నవాళ్లే వరసగా గోడకు తగిలారు, 16 సార్లు జాగ్రత్త సూచించే పసుపు జెండా ఊపారు. ఈ ట్రాక్‌కు అదో రికార్డు.

అదే సమయంలో నార్త్ విల్క్స్‌బరోలో వేరే కథ నడిచింది. 2019లో కలుపు మొక్కల్ని పీకి, కంప్యూటర్ ఆట కోసం ఆ శిథిల ట్రాక్‌ను కొలిపించడానికి ఎర్న్‌హార్ట్ జూనియర్ పూనుకున్నాడు. జనంలో కదలిక వచ్చింది. బ్రూటన్ కొడుకు, కంపెనీ అధిపతి మార్కస్ స్మిత్ ప్రభుత్వ సాయం కూడా తీసుకుని దాన్ని బాగుచేయించాడు. 2022 ఆగస్టులో చిన్న రేసులతో అది మళ్లీ తెరుచుకుంది. బ్రూటన్ అంతకు రెండు నెలల ముందే, జూన్ 22న, 95 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2023లో ఆల్-స్టార్ రేసును టెక్సస్ నుంచి తీసి నార్త్ విల్క్స్‌బరోకు ఇచ్చారు. కైల్ లార్సన్ గెలిచాడు. తండ్రి అక్కడినుంచి పట్టుకొచ్చిన తేదీకి కొడుకు వడ్డీతో సహా చెల్లించాడని అభిమానులు అనుకుంటే ఆశ్చర్యం లేదు. లెక్క ప్రకారం అది వేరే రేసే అయినా.

ఇండీ కార్ల నిర్వాహకులు 2024 కేలండర్ నుంచి టెక్సస్ ఓవల్‌ను తొలగించారు. తేదీలు కుదరలేదన్నది చెప్పిన కారణం. 1997 నుంచి ఏటా జరిగిన ఇండీ కార్ల రేసు అక్కడితో తెగిపోయింది. నాస్కార్ కప్పు రేసు ఏడాదికి ఒకటి చొప్పున కొనసాగుతోంది. 2024 ఏప్రిల్‌లో చేజ్ ఎలియట్, 2025 మేలో జోయీ లొగానో గెలిచారు. ట్రక్కుల రేసులు, ఆవరణలోనే ఉన్న మట్టి ట్రాక్ పోటీలు, రెండో మలుపు పక్కన లేచిన అపార్ట్‌మెంట్ల భవనం యథాతథంగా ఉన్నాయి. ఇండీ కార్లు డాలస్ ప్రాంతానికి తిరిగి వస్తున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించారు. అయితే ఓవల్ మీదికి కాదు, 2026 మార్చిలో అర్లింగ్టన్‌లోని ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ వేసే వీధి ట్రాక్ మీదికి.